రెండు దారుల్లో వెళ్ళిన రెజ్యూమె

కాంట్రాక్టు అయిపోయిన మర్నాడు కృపానందం గారు మా షాపుకు వచ్చారు. కంపెనీ వాళ్ళు లాప్‌టాప్ వెనక్కి తీసుకున్నారట. పదకొండేళ్ళు సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేసిన మనిషి ఇంట్లో సొంత కంప్యూటర్ లేదని నాకు ఆ రోజే తెలిసింది.

మాది నాచారంలో పెద్దచెరువు వైపు వెళ్ళే రోడ్డు మీద చిన్న జిరాక్స్ షాపు. నాలుగు కంప్యూటర్లు గంటల లెక్కన అద్దెకు ఇస్తాం. పదో తరగతితో చదువు ఆగిపోయాక నేను అక్కడే పనిచేస్తున్నాను. ఆయన కుటుంబం, మా కుటుంబం ఒకే చర్చికి వెళ్తాయి. ఆయన భార్య రాహేలు ఆంటీ ఇక్కడి మందుల ఫ్యాక్టరీలో ప్యాకింగ్ పని చేస్తుంది.

ఆయన ఎన్నడూ ఏ పెద్ద కంపెనీకీ సొంత ఉద్యోగి కాలేదు. జీతం ఏజెన్సీది, కుర్చీ ఇంకొకరిది. ఏడాదికోసారి కుర్చీ పోతుంది. అప్పుడు మళ్ళీ వేట.

రోజూ తొమ్మిదికి ముందే వచ్చి జాబ్ సైట్‌లో తన పేజీ తెరిచేవారు. ఒక ఫుల్‌స్టాప్ తీసేసి సేవ్ కొట్టేవారు. మర్నాడు అదే ఫుల్‌స్టాప్ మళ్ళీ పెట్టేవారు. ఏదో ఒకటి మారిస్తేనే పేరు పైకి వస్తుందట. ఫోన్ వస్తే మెట్టు మీదికి వెళ్ళి ఇంగ్లీషులో మెల్లగా జవాబులు చెప్పేవారు. మొత్తం అనుభవం ఎంత, ఆశించే జీతం ఎంత, ఎప్పుడు చేరతారు. అడిగే గొంతు మారేది, ప్రశ్నలు మారేవి కావు.

నాలుగో నెలకు ఫోన్లు తగ్గాయి.

"ఆరు నెలలు దాటితే ఇగ ఎవ్వడు చెయ్యడు బిడ్డా. ఖాళీగున్నోన్ని ఖాళీగనే ఉంచుతరు" అని నవ్వారు ఒకరోజు. నవ్వుతూనే క్యాలెండర్ వైపు చూశారు.

ఐదో నెల చివర్లో బెంగుళూరు ఏజెన్సీ నుంచి ఒకమ్మాయి ఫోన్ చేసింది. ఉప్పల్‌లోనే కంపెనీ. మీ ఏజెన్సీ ద్వారా తప్ప ఇంకెవరి ద్వారా వెళ్ళనని ఒప్పుకుంటూ మెయిల్ పెట్టమంది. ఆయన మా షాపులోనే టైపు చేసి పంపారు. రెండు ఇంటర్వ్యూలు దాటారు. చివరిది సోమవారం, ఆఫీసుకు వెళ్ళి మేనేజరును కలవడమే. ఇన్నేళ్ళూ ఉప్పల్‌లో మెట్రో ఎక్కి రాయదుర్గం దాకా పోయిన మనిషి, ఇప్పుడు ఒక్క ఆటోలో వెళ్ళొచ్చని పిల్లాడిలా మురిసిపోయారు.

గురువారం మా ఇంట్లో ప్రార్థన కూడిక. అందులో ఎవరి అక్కర వాళ్ళు పైకి చెప్పాలి, మిగతావాళ్ళు దాని కోసం ప్రార్థిస్తారు. కృపానందం గారు ఉద్యోగం కోసమని చెప్పి ఆగిపోయారు. పాస్టరమ్మ ఊరుకోలేదు.

"గట్ల పైపైన అడుగుతరా తమ్మీ? పేరు పెట్టి అడగాలె."

ఆయన కంపెనీ పేరు చెప్పారు, సోమవారమని కూడా చెప్పారు. రాహేలు ఆంటీ మోచేత్తో పొడిచింది.

"గదంత ఎందుకు జెప్తవ్?"

"దేవుని ముంగట దాస్తమా?"

శుక్రవారం మధ్యాహ్నం శామ్యూల్ అన్న షాపుకు వచ్చాడు. చర్చిలో కీబోర్డు వాయిస్తాడు, నిన్నటి కూడికలో అతనూ ఉన్నాడు. ఉప్పల్‌లో ఒక కన్సల్టెన్సీలో పని.

"చెల్లె, కృపానందం అన్న రెజ్యూమె నీ సిస్టంల ఉంటది గదా. నాకు మెయిల్ కొట్టు."

"అంకుల్‌ని అడగాల్నా అన్నా?"

"అన్నకు నేను జెప్తలే. ఆ కంపెనీకి మేం గూడ మనుషులను పంపుతం. మా సార్‌తోని ఒక మాట చెప్పిస్తే పని పక్కా. నువ్వేం ఫికర్ జెయ్యకు."

పంపాను. అతను మూడో కంప్యూటర్ ముందు కూర్చుని ఒక ఫారం నింపాడు. అభ్యర్థి సమ్మతి అన్నచోట తనే టిక్కు పెట్టాడు. నేను వెనకే నిలబడి చూశాను. ఈ నెల టార్గెట్‌కు ఇంకా ఇద్దరు తక్కువున్నారని తనలో తను అనుకోవడం కూడా విన్నాను. చదువుకున్నవాడికి నేనేం చెప్తానని ఊరుకున్నాను.

సోమవారం ఇస్త్రీ చొక్కాతో కృపానందం గారు సర్టిఫికెట్ల జిరాక్స్ కోసం వచ్చారు. కాగితాలు ఇంకా వేడిగా ఉండగానే ఫోన్ మోగింది. మెట్టు మీద నిలబడి చాలాసేపు విన్నారు. లోపలికి వచ్చి కూర్చున్నారు.

"రెండు ఏజెన్సీల నుంచి నా పేరు పోయిందట. గట్లయితే రెండూ కొట్టేస్తరు. ఆరు నెలల దాంక ఆ కంపెనీకి నన్ను పంపరాదట. ఆ బెంగుళూరు పిల్ల, డబుల్ గేమ్ ఆడిన్రు సార్ అంటున్నది."

తర్వాత కంప్యూటర్ ఆన్ చేయించుకుని ఐదు నెలల మెయిళ్ళు ఒక్కొక్కటే చదవడం మొదలుపెట్టారు. ఇతరుల ప్రోగ్రాముల్లో తప్పులు పట్టడమే ఆయన పని. ఇప్పుడు తన తప్పు వెతుకుతున్నారు. రెండు గంటలు వెతికారు. గిరాకీ వస్తూ పోతూ ఉంది. నేను ఒకరి ఆధార్ కార్డు తలకిందులుగా జిరాక్స్ తీశాను.

చివరికి వెళ్ళి పక్కన నిలబడ్డాను.

"అంకుల్, నేనే పంపిన. శామ్యూల్ అన్న అడిగిండు."

ఆయన తెర మీది నుంచి చూపు తిప్పలేదు. "నీకు జెప్పిండా, ఏ కంపెనీకో?"

"జెప్పిండు."

శామ్యూల్ అన్నకు ఫోన్ చేశారు. "నీ మంచికే జేసిన అన్నా, మా సార్ మాట్లాడుతడు" అనడం నాకూ వినిపించింది. ఆ సార్ ఎవరితోనూ మాట్లాడలేదు. బెంగుళూరు అమ్మాయి మళ్ళీ ఫోన్ ఎత్తలేదు. కృపానందం గారు ఒక్క మాటే అన్నారు: "కూడికల కంపెనీ పేరు జెప్పింది నేనే గదా." నన్ను తిట్టి ఉంటే బాగుండేది.

కాంట్రాక్టు పోయి ఆరు నెలలు దాటాయి. ఆయన చెప్పినట్టే ఫోన్లు ఆగిపోయాయి. మల్లాపూర్ దగ్గర పార్సిళ్ళ గోడౌన్‌లో పెట్టెలు స్కాన్ చేసే పనికి కుదిరారు. ఆంటీ కూడికకు ఒక్కతే వస్తోంది.

ఒక సాయంత్రం గోడౌన్ వాళ్ళిచ్చిన టీషర్టుతో షాపుకు వచ్చారు.

"బిడ్డా, ఆ రెజ్యూమె నీ సిస్టంల నుంచి తీసెయ్ జర."

"మళ్ళ అక్కెర పడ్తదేమో అంకుల్."

"పడితే సూద్దాం. అది ఎవరెవరి దగ్గర తిరుగుతున్నదో నాకే తెల్వది."

ఫైలు తీసేశాను. ఇంకెక్కడైనా ఉందా అని అడిగారు. పంపిన మెయిల్ కూడా చూపించి తీసేశాను. ఆయన ప్రతి క్లిక్కునూ నిలబడి చూశారు, పూర్తయ్యాక ఎంతయిందని అడిగారు. ఏమీ కాలేదన్నాను. డ్యూటీకి టైమవుతోందని వెళ్ళిపోయారు.