పెనం దింపిన చేతులు

బర్మా సరిహద్దులో కాలికి దెబ్బ తగిలింది. ఆస్పత్రి నుంచి బయటికి రాగానే నన్ను వేసిన చోటు అనకాపల్లి. మా సొంత ఊరే! తోటి సిపాయిలు పగలబడి నవ్వారు. మా అమ్మీ మాత్రం దర్గాలో చక్కెర పంచింది.

కశింకోట దారిలో పెంకుల బంగళా. పొద్దుటే మంచు, మధ్యాహ్నం పల్చటి ఎండ. సరిహద్దు ఆస్పత్రుల్లో పనిచేసి చితికిపోయిన నర్సులను విశ్రాంతికి అక్కడ ఉంచారు. నా డ్యూటీ ట్రక్కు నడపడం. మా హవల్దారు ఉత్తరాది మనిషి. ఆయన ఆర్డరు ఒక్కటే: సిస్టర్లు ఏ పనీ ముట్టుకోకూడదు. ఆరింటికి పాలు, ఒంటిగంటకు భోజనం, ఆ తర్వాత పడక. "ఆరామ్ అంటే ఆరామే!" అని వరండాలో అరిచేవాడు. ఆ అరుపులకి పడుకున్నవాళ్లు కూడా లేచి కూర్చునేవారు.

గుంటూరు వైపు సిస్టరు కరుణమ్మ గారికి ఆ ఆరామే పడలేదు. బాంబు పడి ఆవిడ వార్డు సగం కూలిందట. మిగిలిన సగంలో తిండీ నిద్రా లేకుండా పనిచేశారట. ఇప్పుడు ఊరికే కూర్చుంటే చాలు, చేతులు వణుకుతాయి. నెలాఖరుకి మేజరు డాక్టరు వచ్చి చూస్తాడు. నర్సు పనికి పనికిరారంటే ఇంటికి పంపేస్తారు.

"ఈ పని తప్ప నాకేం వచ్చు, డ్రైవరన్నా?" అన్నారోసారి.

ఒక మధ్యాహ్నం వంటవాడు బెల్లం తెమ్మన్నాడు. ఆవిడ కూడా ట్రక్కెక్కారు. గేటు సెంట్రీ హవల్దారుకి ఫోను తిప్పాడు.

"ట్రక్కులో సిస్టరున్నారు సార్. గాలి మార్పుకట."

"పని ముట్టుకోకూడదు!"

"ముట్టుకోరు సార్."

గానుగ ఆసామి, నా చిన్ననాటి నేస్తం అప్పలనాయుడికి ఆ రోజు కూలీలు తక్కువ. పొయ్యి మీది పెద్ద పెనంలో చెరుకురసం కుతకుతలాడుతోంది. నేను నోరు తెరిచేలోపే సిస్టరు కొంగు దోపి తెడ్డు అందుకున్నారు. పాకం ముదిరేదాకా కలిపారు. చెయ్యి వణకలేదు. నలుగురితో కలిసి పెనం దింపి, గబగబా రెండో పెనం వైపు నడిచారు.

నాయుడి తల్లి అడ్డమొచ్చి తెడ్డు లాక్కుంది.

"పెనం దింపినోల్లు కూకోవాలమ్మా. రసం తాగీదాకా ఇంకో పెనం ముట్టకూడదు. మా గానుగ కట్టుబాటు."

"నేనేం అలిసిపోలా, మామ్మా."

"అలిసిపోనానని ఎవులు సెప్తారే? అందుకే పెద్దోల్లు కట్టుబాటెట్టేరు."

"మరి ఆ పెనం?"

"నీ తరవాతోడు లేడా ఏటి? ఆడు సూసుకుంటాడు."

సిస్టరు తిరిగి చూశారు. అప్పటికే ఒకతను తెడ్డు తిప్పుతున్నాడు. పాకం మాడలేదు, పొంగలేదు. ఆవిడ చెరుకు పిప్పి మీద కూలబడ్డారు. రసం తాగారు. తర్వాత బావురుమన్నారు. ఊరుకోమని ఎవరూ అనలేదు. ఏడ్చి ఏడ్చి అక్కడే నిద్రపోయారు.

"లేపకు బావా," అన్నాడు నాయుడు. "నీ ట్రక్కేటి పారిపోతాదా?"

అయిదున్నరకి బంగళా చేరాం. హవల్దారు ఆవిడ చేతుల మీది పాకం మరకలు చూశాడు.

"పని చేశారా?"

"కూర్చున్నారు సార్," అన్నాను. అబద్ధం కాదు కదా!

ఆవిడ మొహం తేటపడి ఉండటం కూడా ఆయన చూశాడు. మర్నాటి నుంచి రోజూ ఇద్దరు ముగ్గురిని తనే ట్రక్కెక్కించాడు. వంటవాడు మాత్రం లబోదిబోమన్నాడు, రోజూ వచ్చిపడే బెల్లం కోడికూరలో కూడా వెయ్యాల్సి వస్తోందని.

మేజరు డాక్టరు వచ్చిన రోజు కరుణమ్మ గారి వేళ్లు కాస్త వణికాయి. ఆవిడ దాచలేదు.

"వార్డుకి వెళ్తాను. కానీ నా వంతు అయ్యాక నన్ను కూర్చోనివ్వాలి," అన్నారు.

డాక్టరు సంతకం పెట్టాడు.

ఆవిడని స్టేషను దగ్గర నేనే దించాను. ఆవిడ చేరాల్సిన ఆస్పత్రికి వెళ్లే క్షతగాత్రుల రైలు ఆగితే ఎక్కారు. రైలుపెట్టెలో ఒక చిన్న వయసు నర్సు బేసిను పట్టుకుని నిలబడి ఉంది. నిద్రలేక కళ్లు ఎర్రగా ఉన్నాయి.

యుద్ధం ముగిశాక యూనిఫాం విడిచి ఇంటికొచ్చాను. సరిహద్దులో చూసినవి చాలావరకు మరుగునపడ్డాయి. ఇది మాత్రం పోదు: రైలు కదులుతోంది. కరుణమ్మ గారు ఆ అమ్మాయి చేతిలోంచి బేసిను తీసుకున్నారు. భుజాలు పట్టి ట్రంకుపెట్టె మీద కూర్చోబెట్టారు. ఆ అమ్మాయి ముందు లేవబోయింది. తర్వాత కూర్చుంది.