ఆదివారం మాత్రం నడిచే సైటు

మా హెప్సిబాకు ఒక జబ్బున్నది. ఏదన్నా ఎందుకట్లయిందో తెలవకపోతే దానికి అన్నం సయించదు. చిన్నప్పుడు ఇంట్ల రేడియో విప్పి మంచమంతా పరిచింది. ఆ రేడియో ఇప్పటికీ మూగదే. నేను దాని మేనత్తను, ఆరోగ్యమ్మను. పాల్వంచల మా ఇంటి ముందర్రల ఒక దిక్కు నా కుట్టుమిషను, ఇంకో దిక్కు దాని కంప్యూటరు. హైదరాబాద్ల కంపెనీ నౌకరి ఇడిసిపెట్టొచ్చి, ఇంట్లనే కూసోని దుకాణాలోళ్లకు సైట్లు చేసిస్తది. "ఒకల కింద లేకుంట బతుకుతున్న అత్తా" అంటది. బతుకు తల్లీ, నేనెందుకు వద్దంట!

టేకులపల్లిల తుల్సీరాం అని ఒకాయనకు దుకాణమున్నది. బోరు మోటార్లు, పైపులు, నల్లాలు అమ్ముతడు. తండాలల్ల రైతులు ఫోన్లనే ఆర్డర్ పెట్టాలె, ఆయన తన ఫోన్ల చూసి ఒప్పుకోవాలె, ట్రాలీ ఆటోల సామాను పోవాలె. అగో, గట్లాంటి సైటు చేసిచ్చింది మా పిల్ల. ఇది నిలబడితే కొత్తగూడెంల ఇంకిద్దరు షావుకార్లు చేపిచ్చుకుంటమన్నరు. నిలబడకపోతే మళ్ల హైదరాబాద్ హాస్టలే, ఆ నీళ్లపప్పే.

నిలబడేటట్టు కనవడలే. తుల్సీరాం ఫోన్ చేసి, "చెల్లే, నీ సైటు నాకు అచ్చిరాలే. ఈ వారం చూసి బందు పెడత" అన్నడు. రైతులు ఆర్డర్లు పెడుతనే ఉన్నరు, ఆయన ఒప్పుకుంటలేడు. మోటారు కాలి పొలం ఎండుతుంటే ఎవడాగుతడు? బూతులు తిడుతున్నరు.

హెప్సిబా అంతా వెతికింది. సిగ్నల్ మంచిగనే ఉన్నది, ఫోన్ మంచిగనే ఉన్నది. తుల్సీరామే సైటు పొద్దుగాల ఒక్కసారి తెరుస్తడు, ఇగ మళ్ల తెల్లారిందాక ముట్టడు.

"ఒక్క ఆదివారం మాత్రం అన్ని ఆర్డర్లు టకటక ఒప్పుకుంటడు. ఏంది అత్తా గిది?"

"ప్రభువు దినం కదనే! నీ కంప్యూటర్‌కు భక్తి పుట్టింది" అని ఎకసెక్కమాడిన. అది నవ్వలే. ఆదివారం మేం పొద్దుగాలనే చర్చికి పోతం, అది కంప్యూటర్ జోలికే పోదు. మిగిలిన దినాలు తుల్సీరాం దుకాణం తెరిచే యాళ్లకు, సైటు నడుస్తున్నదో లేదో చూసేతందుకు, తన తమ్ముడు జోయెల్ పేరు మీద ఒక ఉత్తుత్తి ఆర్డర్ పెడతది. అది అవతలికి చేరిందంటే రద్దు చేస్తది. రుచి చూడకుంట కూర వడ్డిస్తమా అంటది. దాని పనిల అది తప్పదంట.

హైదరాబాద్‌కు సంచి సర్దుకున్నది. సర్దుకున్నదే గని మనసొప్పలే. "పోయేముందు నా కండ్లతోని చూడాలె" అని టేకులపల్లి బస్సెక్కింది. నాకు మాత్రం ఆగుతదా? నేనూ ఎక్కిన.

మేం పోయేసరికి తుల్సీరాం షటర్ లేపుతున్నడు. గడప ముందట నీళ్లు చల్లిండు, సేవాలాల్ ఫొటోకు ఊదుబత్తి ముట్టిచ్చిండు, ఫోన్ తీసి ఫొటో ముందట పెట్టిండు. మా పిల్ల బల్ల మీద కూసోని తన ఫోన్ల రోజువారీ పని తాను చేసుకున్నది.

ఆయన ఫోన్ మోగింది. చూడకముందే కండ్లకద్దుకున్నడు. తర్వాత చూసిండు. మొఖం మాడిపోయింది.

"మళ్ల వీడే!"

అంతల్నే ఇంకోసారి మోగింది. రద్దు. ఫోన్ గల్లాపెట్టెల ఇసిరి మూత ఏసిండు.

"ఎవడో జోయెల్ అంట చెల్లె. వాని చేతులిరగ! రోజూ పొద్దుగాల నల్లా కావాలంటడు, నేను కండ్లకద్దుకుంటనో లేదో వద్దంటడు. ఆదివారం ఒక్కనాడే వాని పీడ ఉండదు. బోణీ బేరమే చెడినంక ఇగ ఆ ఫోన్ ఎట్ల ముడుత?"

"నాకెందుకు చెప్పలేదన్నా?" అని అడిగింది మా పిల్ల.

"సదువుకున్న పిల్లవు, నవ్వుతవనుకున్న."

ఆ జోయెల్ ఎవరో మా ఇద్దరికే ఎరుక. నోరు మూసుకుంటే ఎవరికి తెలుస్తది? ఆ ఉత్తుత్తి ఆర్డర్ బందు పెడితే పాయె, పనీ నిలబడతది, పరువూ నిలబడతది. చెప్పకే అని మోచేయి గిల్లిన. అది నా దిక్కు చూడనే లేదు.

"అన్నా, ఆ జోయెల్ నేనే."

మొత్తం చెప్పింది. తుల్సీరాం దిగ్గున లేచిండు. "నువ్వా! వాడు దొరికితే బొక్కలిరగ్గొడదామని చూస్తున్న నేను!"

"మీ యాపారం చెడగొట్టాల్నని కాదన్నా. తెలవక." కండ్లల్ల నీళ్లు తిరిగినయి. నాకు దాని మీద కోపం, ఆయన మీద కోపం, గిల్లిన నా చేతి మీద గూడ కోపమొచ్చింది.

ఆయన గల్లాపెట్టె తెరిచి ఫోన్ తీసి బల్ల మీద పెట్టిండు. "ఏడిస్తే అయితదా? చెడగొట్టినోళ్లే మంచిగ చెయ్యాలె. చెయ్యి బోణీ."

తన పేరు మీదనే ఒక ఇత్తడి నల్లా ఆర్డర్ పెట్టింది. ఆయన ఒప్పుకున్నడు. అది ఇచ్చిన పైసలు కండ్లకద్దుకొని గల్లాల ఏసిండు. ఇగ అప్పటిసంది ఒకటెన్కొకటి ఆర్డర్లు చూసుకుంట ఆటో ఆయన మీద ఒర్లుడే. మాకు చాయ్ పోసుడు గూడ మరిచిండు. బస్సెక్కుతుంటే మాత్రం ఎనక నుంచి కేకేసిండు: "చెల్లే, కొత్తగూడెమోళ్లకు ఫోన్ చేసి చెప్త!"

ఆ నల్లా బిగిచ్చేతందుకు మా ఇంట్ల పైపే లేదు. కంప్యూటర్ పక్కన పెట్టుకున్నది. ఇప్పుడు ఏ షావుకారొచ్చినా సైటు సంగతి తర్వాత, ముందు బోణీ ఎట్ల చేస్తరో అడుగుతది.

ఆ సాయంత్రమే సంచిల బట్టలు తీసి దండెం మీదేసింది. ఖాళీ సంచి నేనెత్తుకపోయి నిండా నా కుట్టుముక్కలు కుక్కిన, మళ్ల అడగొద్దని.