గంగులు కట్టిన నీళ్ల సీసాలు

మా మరిది గంగులుకి అరవై నిండాయి. వల కట్టడంలో మా పేటలో తన తరవాతే ఎవరైనా అంటాడు. నిజమే గానీ, ఆ మాట రోజుకి మూడుసార్లు అతని నోటే వినాలంటే చెవులకి విసుగు రాదూ?

మొన్న ఎవరిదో పెళ్లి భోజనాల దగ్గర పారేసిన ఖాళీ ప్లాస్టిక్ నీళ్ల సీసాలు రెండు గోనెలు ఏరుకొచ్చాడు. మూతలు బిగించి, వలని తేల్చే గట్టి బెండ్లకి బదులు కొత్త వల పైతాడుకి వరసగా కట్టాడు. ఒడ్డున చూస్తే బాతుల్లా తేలాయి. ఇంకేముంది, మీసం మెలేశాడు.

పదిహేను బారల లోతున దించారు. అడుగున గోడలా నిలబడాల్సిన వల దుప్పటిలా పడుకుంది. చేపలు దాని మీంచి షికారు చేశాయి. రెండు రోజులూ అదే వరస. పైకి లాగితే, అక్కడక్కడా సొట్టలు తప్ప, సీసాలు మళ్లీ గాలితో ఉబ్బే ఉన్నాయి!

“మావా, వల కట్టినావా, పరుపు కుట్టినావా?” అన్నాడు బోటు యజమాని త్రినాథ్. “ఇంకోపాలి పడుకుందంటే నీ సేతికి మరి వల ఇవ్వను.”

నలభై ఏళ్ల పేరుకి గండం. గంగులు అన్నం మానేశాడు, టీ మానలేదు. అమ్మవారికి కోడిని మొక్కాడు. ఆవిడకి వల కట్టడం వచ్చా ఏం?

“సీసాలకి దిష్టి తగిలింది వొదినా.”

“తగిలితే నీ మీసానికి తగలాల. ఆ సొట్టలు సూడు. కిందకెల్తే ఎవులో నొక్కేసి, పైకొస్తే ఒగ్గేస్తన్నారు.”

“సలికి ముడుసుకున్నాయేమో.”

ఐసు పెట్టెలో ఒకటి పెట్టించాను. కాస్త సొట్ట పడింది, అంతే. ఇది చలి పని కాదు.

అప్పుడు నీళ్లు లోపల ఎక్కడిదాకా ఎక్కుతాయో చూద్దామని రెండు సీసాల లోపల పసుపు జల్లి, మూతలు తీసి, మూతి కిందకుండేలా మెడకి రాళ్లు కట్టి ఇచ్చాను. గంగులు బోటెక్కి దించి తెచ్చాడు. అయిదు బారలు దిగినదాంట్లో సగం దాకా పసుపు కడుక్కుపోయింది. పదిహేను దిగినదాంట్లో పైన పావువంతే పొడిగా మిగిలింది.

“గాలేటయిపోనాది వొదినా?”

“ఎక్కడికీ పోనేదు. అంత లోతున నొక్కుడు ఒడ్డు మీద కన్నా నాలుగింతలైతే, నాలుగో వొంతు సోటులో సర్దుకున్నాది. పైకొస్తే మల్లీ ఒల్లిరుసుకున్నాది. నీ పల్సటి సీసా దాంతోపాటే ముడుసుకుంటే, వలనేటి తేలుస్తాదిరా?”

గంగులు ఆ సాయంత్రమే సీసాలు కోసేసి, నొక్కుకి లొంగని గట్టి బెండ్లు కట్టాడు. మర్నాడు వల నిలబడింది. త్రినాథ్ రెండు పండుగొప్ప చేపలు పంపాడు, ఇంకో వలకి సరిపడా దారం కూడా.

ఇప్పుడు గంగులు పేటంతా తిరిగి ఈ కథ చెబుతున్నాడు. అందులో పసుపు ఆలోచన అతనిది. రాళ్లు మాత్రం నావేనట.