తొమ్మిదో గడిలో ఎరుపు

నేను నది ఒడ్డు బడిలో నాలుగో తరగతి దాకా చదివినవాణ్ణి. అయినా మా ఊళ్ళో మొదటి వీడియో గేమ్ దుకాణం నాదే. మా రెండు ఫుట్‌బాల్ జట్లనూ జపాను వాళ్ళ పాత ఆట క్యాసెట్‌లోకి ఎక్కించినవాణ్ణీ నేనే. మనౌస్ పట్నం నుంచి పడవలో కంప్యూటరు తెప్పించి, ఆటగాళ్ళ పేర్లు ఒక్కో అక్షరం చొప్పున మార్చాను. చెప్పుకోవడానికి నాకేం మొహమాటం లేదు.

మా ఊరు సగం నీలం, సగం ఎరుపు. నీలం పేటలో ఎరుపు జట్టు పేరు నోట పలకరు. "అవతలివాళ్ళు" అంటారు. నేను పుట్టింది ఎరుపు పేటలో. ఇదలీనాను పెళ్ళాడి ఇవతలికి వచ్చాను, తలుపుకు నీలం రంగు వేశాను, ఇరవై ఏళ్ళు ఉన్నాను. అయినా నన్నొక కంట కనిపెడుతూనే ఉండేవారు.

మా దుకాణంలో ఆ ఆట మీద పోటీ పెట్టాను. దానికి వారం ముందు అబెలార్దు వచ్చాడు. ఇదలీనాకు అన్న, నీలం అభిమానులకు పెద్ద.

"బావా, మనవాళ్ళ ఒంటి మీద అవతలివాళ్ళ రంగు చుక్కంత కనబడినా నువ్వెవరివో తేలిపోతుంది," అన్నాడు. నవ్వుతూనే అన్నాడు.

"నాకు పాఠాలు చెప్పకు. పదహారు గడులూ నాకు కంఠస్థం."

"తెలుసులే. అందుకే చెబుతున్నా."

ఆ ఆటలో ఒక్కో బొమ్మకు విడిగా రంగులుండవు. పదహారు గడుల పెట్టె ఒకటి ఉంటుంది, ఎన్నో బొమ్మలు అందులోంచే రంగు తీసుకుంటాయి. అవతలివాళ్ళ చొక్కా కోసం తొమ్మిదో గడిలోని పసుపును ఎరుపు చేశాను. రెండు జట్ల చేతా పూర్తి ఆట ఆడించి చూశాను. నీలం నీలంగానే ఉంది. గోల్‌కీపరు బూడిదరంగు చొక్కా కూడా చెక్కుచెదరలేదు.

"పెనాల్టీలు చూశావా?" అంది ఇదలీనా, కర్రపెండలం పిండి జల్లిస్తూ.

"అందాకా ఎవడొస్తాడు? నీ జల్లెడ నువ్వు చూసుకో."

శనివారం మధ్యాహ్నం ఫైనల్. బయట వాన, లోపల నిలబడేందుకు చోటు లేదు. ఆట రెండు-రెండుతో ముగిసింది. అదనపు సమయమూ అంతే. తెర ఒకసారి నల్లబడి, పెనాల్టీలు మొదలయ్యాయి. నీలం గోల్‌కీపరు ఎర్ర చొక్కాతో తెర నిండా నిలబడ్డాడు. పెనాల్టీలప్పుడే వచ్చే ఆ పెద్ద బొమ్మ చొక్కాకు రంగు తొమ్మిదో గడిలోంచి వస్తుందని అప్పుడు తెలిసింది నాకు.

అందరూ నా వైపు తిరిగారు.

"కావాలని చేసింది కాదు బావా. గడి ఒకటే, బొమ్మలు రెండు," అన్నాను.

"గడులన్నీ కంఠస్థం అన్నావుగా."

అబెలార్దు కరెంటు తీగ లాగేశాడు. క్యాసెట్ జేబులో వేసుకుని, చెల్లెలి వైపు చూడకుండా వెళ్ళిపోయాడు.

మర్నాడు తెల్లవారి చూస్తే మా తలుపు గడప దాకా ఎర్రగా ఉంది. వేసినవాళ్ళు తొందరపడలేదు, అంచులు కూడా శుభ్రంగా దిద్దారు. నేను నీలం డబ్బా మూత తీశాను. ఇదలీనా నా చేతిలోంచి కుంచె తీసేసుకుంది.

"వద్దు. ఈసారికి తలుపుకే వేశారు," అంది.

అప్పటికే ఆమె బట్టలతో పాటు జల్లెడను కూడా మూటలో కట్టేసింది.