కంట్రోల్ రూమ్‌లో నేను తెరిచి వదిలేసింది

ఇన్నేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. రెండే మాటల అబద్ధం. దాని బరువుతో ఏ ఊళ్లోనూ కుదురుగా ఉండలేకపోయాను. మీరెవరో నాకు తెలియదు. బహుశా అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

అప్పట్లో బస్తర్‌లో గనుల పని జోరుగా సాగేది. మాది కోంటలో బట్టల కొట్టు. నేను మాత్రం కంప్యూటర్లు చదివి, కొండ మీది ఇనుప గనిలో ఒక చిన్న కాంట్రాక్టు కంపెనీలో చేరాను. రాయిని కిందికి దించే బెల్టును కంట్రోల్ రూమ్ నుంచి కంప్యూటర్లతోనే నడిపేవారు, ఆపేవారు. ఆ కంప్యూటర్లను చూసుకునేది ఇద్దరమే: నేనూ, ఎర్రబోరు నుంచి వచ్చిన సమ్మక్కా. ఇద్దరిదీ ఒకటే అడ్మిన్ పాస్‌వర్డ్.

కంప్యూటర్‌ మొత్తాన్నీ లోపలి నుంచి నడిపేది కెర్నెల్. మామూలు లాగిన్ ఉన్నవాళ్లు కూడా దాని దాకా వెళ్లే వీలిచ్చే సదుపాయాలు కొన్ని ఉంటాయి. వాటిలో ఒక్క లోపం దొరికితే చాలు, బయటివాడు యంత్రాన్ని తన చేతిలోకి తీసుకోగలడు. సమ్మక్క వాటన్నిటినీ ఓపిగ్గా మూసేసింది.

ఒకసారి పెద్ద అధికారులు తనిఖీకి వస్తున్నారన్నారు. దుమ్ము కొలిచే కొత్త సాఫ్ట్‌వేర్ వాళ్లకు చూపించాలి. అది ఎంతకీ పనిచెయ్యలేదు. సమ్మక్క సెలవులో ఉంది. ఆమె మూసినవాటిలో ఒకదాన్ని తెరిచాను. సాఫ్ట్‌వేర్ పనిచేసింది. మేనేజర్ భుజం తట్టాడు. తనిఖీ కాగానే మూసేద్దామనుకున్నాను. మూయలేదు. మరిచిపోయానా? లేదు, గుర్తుంది. మూస్తే సాఫ్ట్‌వేర్ ఆగుతుంది, ఆగితే ఆ మెచ్చుకోలు పోతుంది. బద్ధకం అని ఇన్నాళ్లూ నాకు నేను చెప్పుకుంటూ వచ్చినది, నిజానికి ఆ కాస్త మెప్పు మీద ఆశ కాదా?

కొన్ని వారాలకు ఎవరో ఒక ఆపరేటర్ లాగిన్ దొంగిలించి, నేను తెరిచిన దారినే లోపలికి వచ్చారు. మాకెవరికీ తెలియలేదు. ఆ రోజే రాయి ఇరుక్కుని బెల్టు ఆగింది. మళ్లీ కదలకుండా ఆపరేటర్ దాన్ని కంప్యూటర్‌లో బంద్ చేశాడు. తెర మీద బంద్ అయినట్టే కనిపించింది. నిజానికి లోపలికి చొరబడ్డవాళ్లు అడ్డుకోవడంతో ఆ ఆదేశం బెల్టు దాకా చేరనే లేదు. రాయి తీయడానికి భేజ్జి ఊరి కూలీ జోగ చెయ్యి పెట్టాడు. బెల్టు కదిలింది.

కుడిచెయ్యి మోచేతి దాకా పోయింది.

విచారణలో ఆ సదుపాయం తెరిచి ఉందని తేలింది. తెరిచిందెవరో తేలలేదు. బయట వరండాలో సమ్మక్క నన్ను ఆపింది.

"అన్నా, అది నువ్వు తెరిసినవా?"

"నేనెందుకు తెరుస్త?"

"నేనైతే తెరవలే."

"మరి నాకేం ఎరుక?"

ఆమె నా ముఖంలోకి చూసింది. పాస్‌వర్డ్ తెలిసింది ఇద్దరికే. తను కాకపోతే ఎవరో ఆమెకు ఆ క్షణమే అర్థమైంది. అయినా లోపల విచారణలో నా పేరు చెప్పలేదు. ఎందుకు? నేనే చెబుతానని ఎదురుచూసిందా? నన్నడిగినప్పుడు, "ఆ భద్రత పనులన్నీ ఆమే చూసుకునేది సార్" అన్నాను. అది నిజమే. నిజాన్ని కూడా అబద్ధంలా వాడుకోవచ్చని అప్పుడే తెలిసింది. ఆమె ఉద్యోగం పోయింది. ఆమె కుర్చీలో నన్ను కూర్చోబెట్టారు. ముందుగా చేసిన పని, తెరిచినదాన్ని మూసేయడం. నిమిషం కూడా పట్టలేదు.

మొన్న ఎర్రబోరు సంతలో జోగ కనిపించాడు. చింతపండు అమ్ముతున్నాడు. ఎడమచేత్తో ఒక కొస, పళ్లతో ఒక కొస పట్టి మూట ముడి వేస్తున్నాడు. నన్ను గుర్తుపట్టి, "మంచిగున్నవా సారూ" అని నవ్వాడు. తలూపి వచ్చేశాను. అప్పటినుంచి ఒకచోట నిలవలేకపోతున్నాను. గదిలో ఇటునుంచి అటు, అటునుంచి ఇటు.

సమ్మక్క ఎక్కడుందో కనుక్కోవడం కష్టమేమీ కాదు. కనుక్కోలేదు. జోగకు చెప్పనూ లేదు. క్షమించమని అడిగే హక్కు నాకుందా? లేదు. దాన్ని తెరిచింది నేను. తెలిసి తెలిసి మూయకుండా వదిలేసిందీ నేనే. సమ్మక్క కాదు. ఇంతకాలం ఈ మాట పైకి అనలేకపోయాను. ఇప్పుడు రాశాను. ఇది రాసినంతసేపూ ఒకచోట కూర్చోగలిగాను.