కళ్లంలో ముగ్గు

మైపాడు దారిలో, ఇందుకూరుపేట దాటాక ఉన్న మా ముక్క నేలలో శని ఆదివారాలు గడపడానికి ఒక ఇల్లు కట్టుకోవాలని అనుకున్న రోజు నుంచి మా ఇంట్లో గళ్ల కాగితాలకు కరువొచ్చింది. మా ఆవిడ బళ్లో లెక్కలు చెబుతుంది. గీసిన గీత తప్పంటే ఒప్పుకోదు. తూర్పున పెద్ద కిటికీ ఉండాలి, సముద్రపు గాలి నేరుగా పడకగదిలోకి రావాలి. టీవీ ఉండకూడదు. స్నానాల గదికి పైకప్పు ఉండకూడదు. "కాకులు చూస్తాయి" అన్నాను. "చూసి మీకేమన్నా చెబుతాయా" అంది. మూడు నెలలు ఇలాగే పోట్లాడుకుంటూ సంతోషంగా గడిపాం.

అక్కడి నేలంతా పల్లం. ఒక వైపు వరి కయ్యలు, ఇంకో వైపు రొయ్యల గుంటలు. మా ముక్కలో ఎత్తుగా, గట్టిగా ఉన్న చోటు పాత కళ్లం ఒక్కటే. పంపకాల్లో అది నా వాటాకు వచ్చింది. మేస్త్రి వచ్చి మడమతో రెండుసార్లు తన్ని చూసి, "సార్, ఇది రాయి. పునాదికి ఇంతకంటే ఏం కావాల" అన్నాడు. నాకూ సబబే అనిపించింది.

తన వాటాతో పాటు నా వాటా కూడా సాగు చేసేది మా అక్క. ఆమె వడ్లు ఆరబోసుకునే చోటు అదొక్కటే. నాకు తెలియక కాదు. మిషన్లు కోస్తున్న రోజుల్లో కళ్లంతో పనేముందిలే అనుకున్నాను. పట్నంలో పాతికేళ్లు కుర్చీలో కూర్చున్నవాడి తెలివి అంతే మరి. మిషను కోసిన వడ్లు పచ్చిగా ఉంటాయి. కళ్లం లేకపోతే వాటిని తారు రోడ్డు మీద పోసి, బస్సు వచ్చినప్పుడల్లా చీపురు పట్టుకుని పరుగెత్తాలి. ఇల్లు కడుతున్నామని అక్కతో చెప్పాను గానీ, ఎక్కడో చెప్పలేదు.

ఇల్లు కట్టేముందు గదులు ఎక్కడెక్కడ వస్తాయో నేల మీద సున్నంతో గీస్తారు. దాన్నీ ముగ్గు పోయడమనే అంటారు. ఆ ఉదయం మేస్త్రి కొయ్యలు కొట్టి, దారం లాగి, ముగ్గు పోసుకుంటూ వెళ్లాడు. మేమిద్దరం పడకగదిలో నిలబడి, ఇంకా లేని కిటికీలోంచి గాలి పీలుస్తున్నాం. అందరం చెప్పులతోనే ఉన్నాం.

అంతలో గట్టు మీద అక్క కనిపించింది. ఒక చేతిలో చీపురు, ఇంకో చేతిలో చిన్న గిన్నె. కళ్లం అంచున చెప్పులు విడిచి లోపలికి వచ్చింది. ముఖం వెలిగిపోతోంది.

"రేపు మిషను వస్తాదని నీకెవురు చెప్పినార్రా? నేనే వచ్చి ఊడ్చుకుందామనుకుంటా ఉంటి. నువ్వే ముగ్గేయించినావే."

నాకు వెంటనే అర్థం కాలేదు. కోతకు ముందు కళ్లం ఊడ్చి, పేడనీళ్లు చల్లి, ముగ్గేసి, పసుపు కుంకుమ పెట్టడం మా అమ్మ నాటి నుంచీ ఉన్న ఆనవాయితీ. దూరం నుంచి తెల్లగీతలు చూసి, తమ్ముడు గుర్తుపెట్టుకుని వచ్చాడనుకుంది. ఆ గిన్నెలో ఉన్నవి పసుపు, కుంకుమ.

మేస్త్రే చెప్పాడు. "కోతకు కాదక్కా, ఇల్లు. ఇది సార్ వాళ్ల పడకగది."

అక్క ఆ గీతలను చూసింది. తర్వాత నా చెప్పులను చూసింది. తిట్టి ఉంటే బాగుండేది, చిన్నప్పుడు ఆమె చేత తినని తిట్లా. ఏ గీతా తొక్కకుండా చుట్టూ తిరిగి వెళ్లి, ఈశాన్యం మూల కొయ్య దగ్గర కూర్చుని, దానికి పసుపు రాసి బొట్టు పెట్టింది.

"మంచి చోటే పడిందిలే. గట్టి నేల. నీళ్లు రావు" అని, చీపురు తీసుకుని వచ్చిన దారినే వెళ్లిపోయింది.

నెల్లూరులో ఇంటికి రాగానే మా ఆవిడ గళ్ల కాగితం, రబ్బరు తీసింది. ఇంటిని మొత్తం పడమటి పల్లానికి జరిపింది. "మట్టి తోలించి ఎత్తు చేద్దాం. కళ్లం మనకు వాకిలి" అంది.

"మరి నీ సముద్రపు గాలి?"

"వడ్ల మీదుగా వస్తుంది. రానివ్వండి."

ఆ క్షణంలో ఆవిడ మీద కలిగినంత ప్రేమ పెళ్లయిన కొత్తలో కూడా కలగలేదు. పైకి చెప్పలేదనుకోండి. అక్కకు ఫోను చేసి, "రేపు వడ్లు కళ్లంలోనే పొయ్యి" అన్నాను.

"నీ ఇల్లో?"

"జరిగింది."

"అన్నం తిన్నారా?" అంది.

మరుసటి కోతలకు ఇల్లు పూర్తయింది. ఒక శనివారం వెళ్లేసరికి కళ్లం నిండా, మా గడప దాకా వడ్లు. అక్క కొంగు తలకు చుట్టుకుని, కాళ్లతో వడ్లు తిరగేస్తోంది. మేం నడవడానికి మధ్యలో సన్నటి దారి వదిలింది. చెప్పులు విడిచి చేత్తో పట్టుకుని గడప దాకా వెళ్లాం. అక్కడ, పనివాళ్లు మిగిల్చిపోయిన సున్నంతో, ముగ్గేసి ఉంది.

"ఆ మేస్త్రికి ముగ్గెయ్యడం రాదురా" అంది అక్క వెనక నుంచి. "అన్నీ గీతలే. ఒక్క పువ్వన్నా ఉండాదా?"

నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. వడ్ల దుమ్ము పడిందన్నాను. ఆ పువ్వులు తొక్కకుండా లోపలికి ఎలా పోవాలో తెలియక మేమిద్దరం చాలాసేపు అక్కడే నిలబడిపోయాం.