మోకాళ్ళు చూసే మావయ్య

మా మావయ్య ఎదుటి మనిషి మొహం చూడడు, మోకాళ్ళు చూస్తాడు. ఆ మనిషి సైకిలు మీద ఉంటే ఇక అంతే సంగతులు. ఆయన వృత్తికి దర్జీ. టేపు మెడలో ఉంటుంది, స్పానరు జేబులో ఉంటుంది. ఏది ముందు బయటికొస్తుందనేది కొట్టుకి వచ్చినవాడి అదృష్టం.

ప్యాంటు కుట్టించుకుందామని వచ్చిన లెక్చరరు గారు సైకిలుకి స్టాండు వేస్తుండగానే దొరికిపోయారు.

"మోకాలి ముందువైపు నొప్పా?"

"మీకెలా తెలుసండీ?"

"సీటు అంత కిందికి దించి కప్పలా ముడుచుకుని తొక్కితే నొప్పి కాక ఇంకేమొస్తుంది? ఎక్కండి. మడమ పెడలు మీద పెట్టండి. పెడలు అడుక్కి పోయినప్పుడు కాలు తిన్నగా చాపుకోవాలి. అప్పుడు ముంగాలితో తొక్కితే మోకాలు కొంచెమే వంగుతుంది. అదీ కొలత."

"నేను ప్యాంటు కోసం వచ్చాను."

"మోకాళ్ళుంటేనే కదండీ ప్యాంటు."

సీటు ఎత్తించుకుని, కొట్టు స్తంభం పట్టుకుని తొడలు సాగదీసుకుని, లెక్చరరు గారు వెళ్ళిపోయారు. ప్యాంటు గుడ్డ ఇవ్వడం ఇద్దరూ మరిచిపోయారు.

మావయ్య ఒకసారి ఒకరింటికి పరామర్శకు వెళ్ళి, లోపల చోటు లేక బయట నిలబడ్డాడు. వచ్చినవాళ్ళ సైకిళ్ళన్నీ అక్కడే వరసగా ఉన్నాయి. బయటికొచ్చాక ఎవరి సీటు వాళ్ళకే కొత్తగా తోచింది. దుఃఖంలో ఉన్నారు కనుక ఎవరూ ఏమీ అనలేదు.

ఆయన సైకిలే దొంగలెత్తుకుపోయినప్పుడు పోలీస్ స్టేషనుకి నేనూ తోడు వెళ్ళాను. ఎవరి మీదైనా అనుమానముందా అని రైటరు అడిగాడు.

"అనుమానం కాదండీ, భయం. ఆ సీటు నా కాలి కొలతకి పెట్టింది. వాడు పొట్టివాడైతే నడుము అటూ ఇటూ ఊగి, మోకాలి వెనక పట్టేస్తుంది. త్వరగా పట్టుకోండి."

"పట్టుకుని?"

"సీటు దించుకోమనండి."

రైటరు పెన్నుకి మూత పెట్టేశాడు.

ఇంత చేసే మనిషి ఇంట్లో మాత్రం పిల్లి. మా అత్తయ్య నర్సు. బాలింతలను చూడడానికి సైకిలు మీద ఇల్లిల్లూ తిరుగుతుంది. ఎప్పుడో సందు మలుపులో పడింది. ఆనాటి నుంచి రెండు పాదాలూ నేలకి నిండుగా ఆనితే తప్ప సైకిలెక్కదు. సీటు అట్టడుగున ఉంటుంది. తొక్కుతుంటే మోకాళ్ళు గడ్డాన్ని పలకరిస్తుంటాయి.

"నా సీటు ముట్టుకున్నారో, మీ మిషను నూతిలో ఉంటుంది," అని ఏనాడో తేల్చేసింది. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదు మరి.

ఈ ఏడాది అత్తయ్యకి మోకాళ్ళ నొప్పి ముదిరింది. మెట్లు దిగాలంటే గోడ పట్టుకోవలసి వస్తోంది. నెలాఖరుకి తగ్గకపోతే కూర్చునే పనిలో వేస్తానని పెద్ద డాక్టరమ్మ చెప్పింది.

"కూర్చునే పనిట," అంది అత్తయ్య, ఎవరో తిట్టిన తిట్టు చెబుతున్నట్టు. "ఆ వెనకవీధి పసిగుడ్డు ఇప్పుడిప్పుడే పాలు తాగడం నేర్చుకుంటోంది. దాన్ని ఎవరు చూస్తారు?"

మావయ్య మోకాళ్ళ ఊసే ఎత్తలేదు. "నీకు కొత్త యూనిఫాం కుడతాను, కొలతలియ్యి," అన్నాడు.

అది మొదలు ప్రతి ఉదయం కొలతలే.

"గోడ పట్టుకో. కాలు వెనక్కి మడిచి పాదం చేత్తో పట్టుకో. కదలకు, టేపు జారుతుంది."

"యూనిఫాంకి ఈ కొంగజపం ఏమిటండీ?"

"కొత్త కటింగు."

పిక్క కొలతకి ఒక కాలు వెనక్కి చాపి గోడను తొయ్యాలి. తొడ వెనక కొలతకి బల్ల మీద మడమ పెట్టి ముందుకి వంగాలి. ఊళ్ళోవాళ్ళ కొలతలు కంటిచూపుతో చెప్పే మనిషికి కట్టుకున్న భార్య కొలత మాత్రం ఎంతకీ తేలలేదు.

ఒక ఉదయం నేను మేడ దిగేసరికి అత్తయ్య స్నానానికి వెళ్ళింది. మావయ్య ఆవిడ సైకిలు దగ్గర గొంతుక్కూర్చున్నాడు. నన్ను చూసి నోటి మీద వేలేసుకున్నాడు.

"ఎంత ఎత్తారు మావయ్యా?"

"దారప్పోగంత. ఒకేసారి ఎత్తితే హడలిపోతుంది. అలవాటవనీ, మళ్ళీ ఇంకో పోగు."

సీటు కడ్డీలో కొత్తగా బయటపడి మెరుస్తున్న మేర, నేల మీది దుమ్ము వేలితో కాస్త తీసి జాగ్రత్తగా పులిమాడు.

నెలాఖరున అత్తయ్య ఆస్పత్రికి వెళ్ళే ఎత్తురోడ్డంతా సైకిలు దిగకుండా తొక్కేసిందట. డాక్టరమ్మ మోకాలు నొక్కి చూసి, వంచి చూసి, "తిరుగు తల్లీ, నువ్వే తిరుగు," అందట. ఆ సాయంత్రం వచ్చి వాకిట్లో బ్రేకు వేసింది. కాలివేళ్ళు మాత్రమే నేలకి ఆనాయి. మావయ్య సూదిలోకి దారం ఎక్కించే పనిలో పడిపోయాడు.

"ఏమండీ, ఈమధ్య మన నేల కిందికి దిగుతున్నట్టుంది."

"వానలు కదా. మట్టి కొట్టుకుపోతుంది."

అత్తయ్య కిందికి చూసింది. "ఇది సిమెంటండీ."

మావయ్య లేచివచ్చి, వంగి, నేలను శ్రద్ధగా పరిశీలించాడు.

"పాత సిమెంటు," అన్నాడు.

"ఇంకా దిగుతుందంటారా?"

మావయ్య ఆవిడ మోకాలి వంక చూశాడు. తరవాత, చాలా అరుదుగా, మొహం వంక కూడా చూశాడు.

"లేదు. ఇంక దిగదులే."